పాత రూపు డిజిటల్ కెమెరాలు: ఓరుగల్లు నేపథ్యం

ఫిల్మ్ కాలం నాటి కెమెరాల పోలికతో, లెన్సును ఊడదీసి మార్చే వీలు లేకుండా తయారయ్యే చిన్న డిజిటల్ కెమెరాలను రెట్రో కాంపాక్ట్ కెమెరాలు అంటున్నారు. నెత్తి మీద షట్టర్ స్పీడ్ డయల్, లెన్సు చుట్టూ అపెర్చర్ రింగు, మూలన కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ వీటి ఆనవాళ్లు. లోపల ఉండేదంతా ఇవాళ్టి సాంకేతికతే. మూడేసి లెన్సులున్న ఫోన్ ప్రతి జేబులోనూ ఉన్న ఈ రోజుల్లో ఒకే ఒక్క లెన్సున్న ఈ కెమెరాల కోసం జనం నెలల తరబడి పేరు నమోదు చేసుకుని ఎదురుచూశారు. ఇదంతా పాత వస్తువుల మీద మోజేనని చాలామంది తేల్చేస్తారు. మోజు లేదని ఎవరూ అనరు. కానీ కొన్నవాళ్లు అమ్ముకోకుండా ఏళ్ల తరబడి ఎందుకు వాడుతున్నారన్న దానికి మోజు జవాబు కాదు. జవాబు ఆ కెమెరా పనిచేసే తీరులో ఉంది. అది తెలియాలంటే తోరణాలు, మండపాలు, మిర్చి రాశులు, బతుకమ్మలు ఉన్న వరంగల్ (ఓరుగల్లు) లాంటి ఊళ్లో దాన్ని పట్టుకుని తిరగాలి.

ముందు తరాలు

లెన్సు మార్చలేని చిన్న కెమెరా కొత్త ఊహ కాదు. 1925లో జర్మనీలో ఓస్కార్ బార్నాక్ రూపకల్పనతో బజారుకొచ్చిన మొదటి లైకా కెమెరాకు ఉన్నది 50 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటే. మార్చే వీలు తర్వాత నమూనాల్లో వచ్చింది. 1960లలో జపాన్ కంపెనీలు కానన్ కానొనెట్, యాషికా ఎలక్ట్రో 35 వంటి స్థిర లెన్సు కెమెరాలను లక్షల్లో అమ్మాయి. ఇవాళ్టి రెట్రో కెమెరాల ముఖం ఆ తరం నుంచి వచ్చిందే.

తెలుగు ఇళ్లకు ఈ తరహా కెమెరాను పరిచయం చేసింది మన దేశంలోనే తయారైన ఆగ్ఫా క్లిక్-3. 120 రకం ఫిల్మ్ వేస్తే 12 చదరపు బొమ్మలు వచ్చేవి. తిప్పడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు, ఎండ వెనకాల ఉందో లేదో చూసుకుని నొక్కడమే. తర్వాత 35 మిల్లీమీటర్ల రీలు, ఫ్లాష్ కలిసి వచ్చిన యాషికా ఎంఎఫ్-2 వంటివి 1990ల పెళ్లిళ్లలో, తిరుపతి ప్రయాణాల్లో ప్రతి మధ్యతరగతి కుటుంబం వెంటా నడిచాయి. రీలుకు 36 బొమ్మలు. పుట్టువెంట్రుకలకు మొదలుపెట్టిన రీలు దసరా దాకా కెమెరాలోనే ఉండేది. కడిగించి ప్రింట్లు చేతికొచ్చే దాకా ఏ బొమ్మ పడిందో, ఏది పడలేదో తెలిసేది కాదు. అంత పొదుపుగా తీసిన బొమ్మలు కాబట్టే ఆ ఆల్బమ్‌లలో చెత్త తక్కువ.

వరంగల్ ప్రాంతపు ఫోటో చరిత్ర అంతకన్నా చాలా పాతది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు, ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) నిజాం రాజ్యంలోని కట్టడాలను బొమ్మలు తీసినప్పుడు హనుమకొండ వేయిస్తంభాల గుడినీ తీశారు. ఆయన పెట్టె కెమెరాలు, గాజు పలకలు మోయడానికే మనుషులు కావాలి. ఇంకో వంద ఏళ్లకు వరంగల్‌లో పుట్టిన గుడిమల్ల భరత్ భూషణ్ భుజాన కెమెరా సంచీతో తెలంగాణ పల్లెల్లో తిరిగి బతుకమ్మను, ఇళ్లను, గడపలను, పనిపాటలు చేసుకునే మనుషులను తీశారు. 2022 జనవరిలో ఆయన కన్నుమూశారు. రెట్రో కెమెరాల గురించిన వ్యాసంలో ఆయన పేరు రావడానికి కారణముంది. ఆయన బొమ్మల్లో మనుషులు దూరాన ఉండి దొంగచాటుగా చిక్కినట్టు కనపడరు, ఎదుట నిలబడిన మనిషికి ఎదురుపడినట్టు కనపడతారు. దగ్గరికి వెళ్లి తీయడమనే ఆ పద్ధతికి మళ్లీ పనికొచ్చే పనిముట్టుగానే ఒకే లెన్సు కెమెరాను చూడాలి.

ఎక్స్100 రాక

డిజిటల్ కాలంలో ఈ దారికి మొదట మళ్లింది లైకా. 2009 సెప్టెంబరులో వచ్చిన లైకా ఎక్స్1లో పెద్ద సెన్సర్, మార్చలేని ఒకే లెన్సు, పైన డయళ్లు ఉన్నాయి. అయితే ధర ఎక్కువ, వ్యూఫైండర్ విడిగా కొనుక్కోవాలి. దారిని రహదారి చేసింది ఫ్యూజీఫిల్మ్. 2010 సెప్టెంబరులో జర్మనీలోని కొలోన్‌లో ఫోటోకినా ప్రదర్శనకు తెచ్చిన ఎక్స్100 నమూనా చుట్టూ జనం మూగారు. 2011 మార్చిలో అది అమ్మకానికి వచ్చింది. అదే నెల 11న వచ్చిన భూకంపం, సునామీ వల్ల మియాగి ప్రాంతంలోని దాని ఫ్యాక్టరీ కొన్నాళ్లు ఆగిపోయింది కూడా.

మొదటి ఎక్స్100లో 1.23 కోట్ల పిక్సెళ్ల సెన్సర్, ఎఫ్/2 వెలుగు తీసుకునే 23 మిల్లీమీటర్ల లెన్సు ఉన్నాయి. సెన్సర్ ఫిల్మ్ కన్నా చిన్నది కాబట్టి ఆ లెన్సు పాత లెక్కలో 35 మిల్లీమీటర్లతో సమానం. ఫోకస్ కుదరడం ఆలస్యమయ్యేది. దగ్గరి వస్తువుల దగ్గర తడబడేది. ఫ్యూజీఫిల్మ్ ఆ లోపాలను ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దుతూ పోయింది. పాతబడిన కెమెరాను కంపెనీ వదిలేయలేదన్న నమ్మకం ఈ వరుసకు అభిమానులను తెచ్చింది. తర్వాత ఎక్స్100ఎస్ (2013), ఎక్స్100టి (2014), ఎక్స్100ఎఫ్ (2017), ఎక్స్100వి (2020), ఎక్స్100 సిక్స్ (2024) వచ్చాయి. చివరిదానిలో 4.02 కోట్ల పిక్సెళ్లు, చేతి వణుకును సర్దే ఏర్పాటు ఉన్నాయి. బరువు 521 గ్రాములు.

ఇదే కాలంలో మామూలు కాంపాక్ట్ కెమెరాల వ్యాపారం కుప్పకూలింది. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల్లో 2010లో లెన్సు మార్చలేని డిజిటల్ కెమెరాలు 10 కోట్లకు పైగా ఫ్యాక్టరీలు దాటాయి. 2023 నాటికి అవి 20 లక్షల లోపుకు పడిపోయాయి. ఫోన్ మింగేసిన ఆ బజారులోనే ఎక్స్100వి 2022లో ఉన్నట్టుండి దొరకని వస్తువైంది. టిక్‌టాక్‌లో దాని రంగులు, రూపం చూసి పాతికేళ్ల లోపు పిల్లలు ఎగబడ్డారు. మన దేశంలో 2020 జూన్‌లోనే టిక్‌టాక్ ఆగిపోయింది కాబట్టి ఆ గాలి ఇక్కడికి ఇన్‌స్టాగ్రామ్ రీళ్ల మీదుగా వచ్చింది. వాడిన ఎక్స్100వి కెమెరాలు కొత్తదాని ధరను మించి అమ్ముడుపోయాయి. ఇది ఆ కెమెరాకు మేలు చేసిన సంగతి కాదు. ఫోటోలు తీసేవాళ్ల చేతుల్లోకి పోవలసినవి కొన్ని మెడలో నగలుగా మిగిలిపోయాయి.

ఎక్స్100 ఒక్కటే కాదు. రికో జీఆర్ (2013 నుంచి పెద్ద సెన్సర్‌తో) నల్లటి చిన్న ఇటుకలా ఉంటుంది. అలంకారం లేదు, డయళ్ల హంగు లేదు, వ్యూఫైండరూ లేదు. అయినా 1996 నాటి ఫిల్మ్ జీఆర్-1 రూపాన్ని దాదాపు అలాగే మోస్తోంది కనుక దీన్నీ ఈ వంశంలోనే చెప్పుకోవాలి. జీఆర్-3 బరువు బ్యాటరీతో కలిపి 257 గ్రాములు, చొక్కా జేబులో పడుతుంది. సోనీ ఆర్ఎక్స్1 (2012), లైకా క్యూ (2015) పూర్తి ఫిల్మ్ సైజు సెన్సర్‌తో వచ్చాయి. 2025లో ఫ్యూజీఫిల్మ్ రెండు చివరలూ చూపించింది: ఒకటి 10.2 కోట్ల పిక్సెళ్ల జీఎఫ్ఎక్స్100ఆర్ఎఫ్, రెండోది నిలువు బొమ్మలే ప్రధానంగా తీసే ఎక్స్ హాఫ్.

చేతికి తెలిసే కెమెరా

ఈ కెమెరాల ఆకర్షణలో సగం వేళ్ల దగ్గరే ఉంది. కెమెరా ఆపేసి ఉన్నా షట్టర్ ఎంత మీద ఉందో, అపెర్చర్ ఎంత తెరిచి ఉందో పైనుంచి చూస్తే తెలిసిపోతుంది. వేయిస్తంభాల గుడి బయట ఎండలో 1/500 మీద, ఎఫ్/8 మీద తీసి, మండపం నీడలోకి అడుగు పెట్టేలోపే రింగును ఎఫ్/2కు, డయల్‌ను 1/60కి తిప్పేయవచ్చు. మెనూలు వెతకనక్కర లేదు, కన్ను తిప్పనక్కర లేదు. కొన్నాళ్లకు వెలుగు చూడగానే వేలు దానంతట అదే కదులుతుంది. వెలుగును అంచనా వేయడం నేర్పే యంత్రం ఇది. ఫోన్ ఆ అంచనాను మన దగ్గర నుంచి తీసేసుకుంది.

రెండోది వ్యూఫైండర్. ఎక్స్100లో ముందున్న చిన్న మీటను లాగితే గాజులోంచి నేరుగా కనిపించే దృశ్యం ఎలక్ట్రానిక్ తెరగా మారుతుంది. గాజులోంచి చూసేటప్పుడు ఫ్రేము గీతలు లోపల వెలుగుతూ కనిపిస్తాయి, వాటి అవతలి ప్రపంచమూ కొంత కనిపిస్తుంది. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లలో మరుక్షణం ఎవరు ఫ్రేములోకి వస్తారో ముందే తెలుస్తుంది. ఆ ఒక్క సౌకర్యం చాలా బొమ్మలను కాపాడుతుంది. అయితే గాజు కిటికీ, లెన్సు వేర్వేరు చోట్ల ఉన్నాయి కాబట్టి బాగా దగ్గరగా తీసేటప్పుడు రెండింటికీ కాస్త తేడా వస్తుంది. అప్పుడు ఎలక్ట్రానిక్ తెరే నయం.

మూడోది షట్టర్. మార్చే లెన్సుల కెమెరాల్లో షట్టర్ సెన్సర్ ముందు ఉంటుంది. ఎక్స్100లో అది లెన్సు లోపలే ఉంది. దీని వల్ల రెండు లాభాలున్నాయి. చప్పుడు దాదాపు ఉండదు; గుడిలో హారతి వేళ పక్కవాళ్లకు కూడా వినపడదు. ఎక్కువ షట్టర్ వేగాల దగ్గర కూడా ఫ్లాష్‌ను కలపవచ్చు. మామూలు కెమెరాలు సాధారణంగా 1/250 దగ్గర ఆగిపోతే ఇది 1/1000 దాటినా ఫ్లాష్‌ను పట్టుకుంటుంది. సాయంత్రం ఎండకు ఎదురుగా బతుకమ్మ ఎత్తుకున్న మనిషి ముఖం నల్లబడకుండా, వెనుక ఆకాశం తెల్లబడకుండా తీయడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

ఓరుగల్లు ఎండకు పనికొచ్చే ఇంకో ఏర్పాటు కూడా ఉంది. మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ 125 దగ్గర ఎఫ్/2 వాడాలంటే షట్టర్ 1/8000 దాకా పోవాలి. లెన్సు లోపలి షట్టర్ అంత వేగం పోలేదు. అందుకే వెలుగును తగ్గించే గాజును లోపలే అమర్చారు. ఎక్స్100వి నుంచి అది వెలుగును పదహారో వంతుకు తగ్గిస్తుంది. మీట నొక్కితే 1/8000 అవసరం 1/500కు దిగుతుంది. మార్చి నుంచి జూన్ దాకా మన ప్రాంతంలో తిరిగేవాళ్లు దీన్ని రోజూ వాడతారు.

ఓరుగల్లులో 35 లెన్సు

35 మిల్లీమీటర్ల లెన్సుకు నోటి లెక్క ఒకటి ఉంది. ఎంత దూరంలో నిలబడితే ఫ్రేము పొడవు వైపు దాదాపు అంత నిడివి పడుతుంది. పది అడుగుల దూరం నుంచి పది అడుగుల గోడ. ఈ లెక్కతో ఖిలా వరంగల్‌లో ఒక పూట గడిపితే లెన్సు స్వభావం అర్థమవుతుంది. స్వయంభూ శివాలయం శిథిలాలకు నాలుగు దిక్కులా నిలిచిన కీర్తి తోరణాల్లో ఒకదాని ఎత్తు 30 అడుగులుగా అనుకుంటే, కెమెరాను నిలువుగా పట్టి కాస్త పైకెత్తి 30 అడుగుల దూరం నుంచి తీయవచ్చు. కానీ కెమెరా పైకెత్తగానే రెండు స్తంభాలూ పైన దగ్గరికి వాలినట్టు పడతాయి. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో కనిపించే నిటారు తోరణం కావాలంటే కెమెరాను నేలకు సమంగా పట్టాలి. కంటి ఎత్తు ఐదు అడుగులు పోగా మిగిలిన 25 అడుగులు ఫ్రేము పై సగంలోనే పట్టాలి కనుక దాదాపు 50 అడుగులు వెనక్కి నడవాలి. అప్పుడు కింద సగంలో నేల, పడి ఉన్న శిల్పఖండాలు వచ్చి చేరతాయి. జూమ్ ఉంటే ఈ నడక ఉండదు. నడక లేకపోతే ఆ శిల్పఖండాలు బొమ్మలోకి రావు. తోరణం ఒక పెద్ద గుడిలో భాగమన్న సంగతీ రాదు.

1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో పరీక్ష వేరు. శివుడు, విష్ణువు, సూర్యుడు కొలువైన త్రికూటాలయం అది. రంగమండపంలో నున్నగా మెరిసే స్తంభాలు, మధ్యలో కాస్త వెలుగు, చుట్టూ చీకటి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. చేత్తో పట్టి తీయాలంటే ఎఫ్/2 లెన్సు, వణుకు సర్దే ఏర్పాటు అక్కరకు వస్తాయి. నల్లరాయి దగ్గర ఒక జాగ్రత్త ఉంది. కెమెరా మీటరు నలుపును చూసి వెలుగు తక్కువనుకుంటుంది, బొమ్మను తెల్లబరుస్తుంది. నందిని తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ డయల్‌ను రెండు మెట్లు మైనస్ వైపు తిప్పితేనే రాయి రాయిలా పడుతుంది. ఆ డయల్ బొటనవేలి కింద ఉండటం ఎంత మేలో అక్కడ తెలుస్తుంది.

పాలంపేట రామప్ప గుడి దగ్గర ఒకే లెన్సు ఓడిపోతుంది. 1213 నాటి ఈ గుడికి 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. దాని ప్రాణమంతా చూరు కింద వంగి నిలిచిన మదనికల శిల్పాల్లో ఉంది. అవి తల పైన ఎత్తులో ఉంటాయి, ఎంత దగ్గరికి నడిచినా ఎత్తు తగ్గదు. ఎక్స్100 సిక్స్‌లో బొమ్మ మధ్య భాగాన్ని 70 మిల్లీమీటర్ల లెన్సుతో తీసినట్టు కత్తిరించుకునే వీలుంది కానీ నాలుగు కోట్ల పిక్సెళ్లలో నాలుగో వంతే, అంటే కోటి మాత్రమే మిగులుతాయి. చిన్న ప్రింటుకు చాలు. మదనిక కాలి చెప్పు మీది నగిషీ కావాలంటే పొడవు లెన్సున్న కెమెరానే పట్టుకెళ్లాలి; ఇందులో మొహమాటం లేదు.

28 మిల్లీమీటర్ల రికో జీఆర్ ఇరుకు చోట్లకు నప్పుతుంది. కొత్తవాడలో మగ్గం గదిలో నిలబడి 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు నేసే మనిషిని, మగ్గాన్ని, కిటికీని కలిపి తీయాలంటే 35కు గోడ అడ్డం వస్తుంది. మేడారం జాతరకు మాత్రం లెన్సు ముందుకు సాగే రకం కెమెరాలు పట్టుకెళ్లేవాళ్లు జాగ్రత్తపడాలి. అక్కడి ఎర్రదుమ్ము, గాల్లో ఎగిరే బెల్లపు పొడి సందుల్లోంచి లోపలికి పోతాయి. లెన్సు మార్చలేని కెమెరాకు సెన్సర్ మీద దుమ్ము పడే బెడద తక్కువే కానీ బొత్తిగా లేదనుకోకూడదు.

మనుషుల సంగతి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. దసరా రోజుల్లో వేయిస్తంభాల గుడి ఆవరణలో ఎంగిలిపూల బతుకమ్మ నాడు, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర పెద్ద లెన్సు ఎత్తితే ఎదుటివాళ్లు చీర కొంగు సర్దుకుని నిలబడిపోతారు, లేదా తల తిప్పుకుంటారు. చిన్న కెమెరా అయితే, “ఇది రీలు కెమెరానా అన్నా?” అని దగ్గరికొచ్చి అడుగుతారు. మాట కలుస్తుంది. మాట కలిశాక తీసిన బొమ్మ వేరుగా ఉంటుంది. అయితే కెమెరా చిన్నదని అడగకుండా తీయడం తగదు. చప్పుడు రాని షట్టర్ తీసేవాడి బాధ్యతను పెంచుతుందే తప్ప తగ్గించదు.

రంగులు

ఈ కెమెరాలు కొన్న కుర్రవాళ్లలో ఎక్కువ మంది చెప్పే కారణం రంగులు. ఫ్యూజీఫిల్మ్ 1934 నుంచి ఫిల్మ్ తయారు చేసిన కంపెనీ. 1990లో వచ్చిన వెల్వియా వంటి తన ఫిల్ముల రంగు స్వభావాన్ని కెమెరాలోనే ఎంచుకునేలా పెట్టింది. ప్రొవియా, వెల్వియా, ఆస్టియా, క్లాసిక్ క్రోమ్, క్లాసిక్ నెగటివ్, నలుపు తెలుపుకు అక్రోస్ ఇలా సాగుతుంది వరుస. కంప్యూటర్ ముందు కూర్చుని దిద్దే పని తప్పుతుంది. పెళ్లి ఫోటోలు తీసి కరిజ్మా ఆల్బమ్‌లు కూర్చే స్టూడియో కుర్రవాళ్లకు రాత్రంతా దిద్దుడే పని. తమ కోసం తీసుకునే నాలుగు బొమ్మలు దిద్దకుండానే బాగుండాలని వాళ్లు కోరుకోవడం న్యాయమే.

రంగుల ఎంపికకు ఊరిని చూడాలి. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో వెల్వియా పెడితే ఎరుపు ముద్దయిపోతుంది. ఒక్కో కాయ అంచు కనపడదు. మొత్తం వెలుగు సరిగ్గానే ఉందని మీటరు చెప్పినా ఎరుపు ఒక్కటి పొంగిపోతుంది. ప్రొవియాకో క్లాసిక్ క్రోమ్‌కో మారి ఎక్స్‌పోజర్ కాస్త తగ్గిస్తే రాశిలో కాయలు విడివిడిగా నిలుస్తాయి. తంగేడు పసుపు, గునుగు మీద అద్దిన రంగులకూ ఇదే మాట.

ధర, ప్రత్యామ్నాయాలు

ధర ఈ కెమెరాల మీద అన్నిటికన్నా పెద్ద అభ్యంతరం. ఎక్స్100 సిక్స్ విడుదల ధర అమెరికాలోనే 1,599 డాలర్లు, లైకా క్యూ-3ది 5,995 డాలర్లు. ఒక్క లెన్సు కోసం అంత పెట్టడం పెళ్లిళ్లు తీసి బతికే స్టూడియోకు గిట్టదు. దానికి రెండు కెమెరాలు, నాలుగు లెన్సులు తప్పవు. క్రికెట్‌కు, పక్షులకు, దూరపు శిల్పాలకు ఇవి పనికిరావు. వీడియోయే ముఖ్యమైనవాళ్లకు ఇదే డబ్బుతో మెరుగైనవి దొరుకుతాయి. రోజూ వెంట ఉంచుకుని, నడిచి, మనుషులతో మాట్లాడి బొమ్మలు తీసేవాళ్లకు మాత్రం ఈ తరహా కెమెరా ఇచ్చిన డబ్బుకు న్యాయం చేస్తుంది.

కొనాలా వద్దా అని తేల్చుకోలేనివారికి ఖర్చు లేని దారి ఉంది. ఇంట్లో ఉన్న డీఎస్ఎల్ఆర్‌కు మామూలుగా వచ్చే 18–55 జూమ్‌ను 24 దగ్గర పెట్టి, కదలకుండా టేపు చుట్టండి. అది దాదాపు 35 లెన్సు చూపే దృశ్యాన్నే చూపుతుంది. ఆ కెమెరాతో ఖిలా వరంగల్‌లో ఒక ఉదయం, హనుమకొండ బజారులో ఒక సాయంత్రం నడవండి. టేపు విప్పాలని పదే పదే అనిపిస్తే మీకు జూమే సరైనది. టేపు సంగతే మరిచిపోతే అప్పుడు కొనండి, వాడినది దొరికితే అదే కొనండి.